పని తెలిసిన కథలు

చీరాల

చిరంజీవి అమ్ములుకు పెద్దమ్మ దీవెనలు.

పెదనాన్నకి మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టింది, సాయంత్రం పూట మళ్ళీ నడకకి వెళ్తున్నారు. నువ్వు వేళకి తిని, వేళకి పడుకుంటున్నావనే అనుకుంటాను.

మొన్న ఫోన్లో నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. ఆఫీసులో అందరూ ఒక సినిమాని ఆకాశానికెత్తుతుంటే, నీకు నచ్చకపోయినా నోరు విప్పలేదన్నావు. "అంతమందికి నచ్చింది కదా పెద్దమ్మా, నాకే అర్థం కాలేదేమో" అన్నావు. ఆ వెంటనే, ఈమధ్య నాకు నచ్చిన పుస్తకాలూ సినిమాలూ ఒక లిస్టు రాసి పంపమన్నావు. పేర్లే కావాలంటే ఫోన్లోనే చెప్పేదాన్ని. కానీ ఎందుకు నచ్చాయో చెప్పకుండా పేర్లు మాత్రం ఇస్తే, ఇన్నాళ్ళూ రేటింగుల్ని నమ్మినట్టే రేపట్నుంచి నన్ను నమ్ముతావు. అది నాకు ఇష్టం లేదు. అందుకే తీరిగ్గా కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పుస్తకం తెరిచినా, సినిమాకి కూర్చున్నా నేను ముందు ఒకటి చూస్తాను. ఇందులో మనుషులు ఏం చేసి బతుకుతున్నారో రాసినవాళ్ళకి తెలుసా? పొద్దున్న లేచి వాళ్ళ చేతులు ఏ పనికి వెళ్తాయి, ఆ పనిలో ఒంట్లో ఏ భాగం నొప్పెడుతుంది, డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది? ఇవి తెలిసినవాళ్ళు చెప్పే కథలో ప్రేమైనా, పగైనా, చావైనా నేను నమ్ముతాను. ఇవి తెలియకపోతే ఎంత గొప్ప మాట రాసినా, ఎంత పెద్ద సెట్టు వేసినా నా మనసుకి పట్టదు. ఇది నా కొలత. నువ్వు దీన్నే తీసుకోవాలని కాదు, నీ కొలత నువ్వు వెతుక్కోవాలని చెప్తున్నాను.

2019లో వచ్చిన 'మల్లేశం' నువ్వు చూడలేదన్నావు. ముందు అది చూడు. ఆలేరు దగ్గర పల్లెలో, చేనేత ఇంట్లో పుట్టిన చింతకింది మల్లేశం గారి జీవితం అది. పోచంపల్లి చీర నెయ్యాలంటే మగ్గం ఎక్కే ముందు ఆసు పొయ్యాలి. ఒక పక్క మేకు, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. దారాన్ని ఇక్కణ్ణుంచి అక్కడికీ, మళ్ళీ వెనక్కీ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకి చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. ఇళ్ళల్లో ఈ పని ఆడవాళ్ళదే. వాళ్ళమ్మ భుజం నొప్పితో పడే బాధ చూడలేక, ఆరో తరగతితో చదువు ఆగిపోయిన కుర్రాడు అప్పులు చేసి, ఊళ్ళో మాటలు పడి, ఏళ్ళ తరబడి తంటాలుపడి 1999 నాటికి ఆ పని చేసే యంత్రం తయారు చేశాడు. దానికి అమ్మ పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నాడు. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది.

ఈ కథలో నాకు నచ్చింది పద్మశ్రీ కాదు. దర్శకుడు రాజ్ ఆ ఆసు పోసే పనిని తొందరపడకుండా చూపించాడు. ఝాన్సీ తల్లి వేషంలో దారం తిప్పుతుంటే ఆ చెయ్యి వెళ్ళడం, రావడం, మళ్ళీ వెళ్ళడం మనం కూర్చుని చూడాల్సి వస్తుంది. చూసేవాళ్ళ భుజమే లాగుతుంది. కొడుకు పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇంక ఒక్క డైలాగు కూడా చెప్పక్కర్లేదు. మన చీరాల పేట మగ్గాల చప్పుడు మధ్య పెరిగినదాన్ని నేను. ఒకప్పుడు ఇక్కడ నేసిన తేలియా రుమాళ్ళు అరబ్బు దేశాలకి ఎగుమతి అయ్యేవి. నేతపనిని సినిమాలో అలంకారానికి వాడుకోవడం చాలాసార్లు చూశాను, పనిగా చూపించడం ఇందులో చూశాను. యంత్రం వచ్చాక ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళ రోజు ఎలా మారిందో ఇంకాస్త చూపిస్తే బాగుండేదని మాత్రం నాకనిపించింది. వాళ్ళకి మిగిలిన ఆ గంటల్లో ఏం చేశారు? ఆ కథ ఇంకా ఎవరో తియ్యాలి.

ఆ సినిమాకి మాటలు రాసింది పెద్దింటి అశోక్ కుమార్. ఆయన 'జిగిరి' నవల మన ఇంట్లో ఉంది, ఈసారి వచ్చినప్పుడు తీసుకెళ్ళు. ఎలుగుబంటిని ఆడించి బతికే ఒక ఫకీరు కుటుంబం కథ. అది పాత నవలే, పేజీలు తక్కువే. అయినా జంతువుకీ మనిషికీ మధ్య తిండి, భయం, మమకారం ఎలా కలిసిపోతాయో అంత సూటిగా చెప్పిన తెలుగు నవల నేను ఇంకోటి చదవలేదు.

'35 చిన్న కథ కాదు' సంగతి చెప్పకుండా నా ఉత్తరం ముందుకు కదలదు. బడిలో లెక్కలు చెప్పినదాన్ని కదా. 2024లో వచ్చిన ఈ సినిమా తిరుపతిలో జరుగుతుంది. అరుణ్ అనే పిల్లాడికి సున్నా మీద అనుమానం. దానికి విలువే లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుంది? తొమ్మిది కంటే పది ఎందుకు పెద్దది? జవాబు దొరకనిదే వాడు ముందుకి వెళ్ళడు. మాస్టారు మాత్రం పిల్లల్ని వాళ్ళకొచ్చిన మార్కులతోనే పిలుస్తాడు. అరుణ్‌ని అందరి ముందూ జీరో అంటాడు.

అమ్ములూ, ఆ పిల్లాడు అడిగింది మొద్దు పిల్లాడి ప్రశ్న కాదు. స్థాన విలువ అనేది మనుషులు శతాబ్దాలపాటు తంటాలుపడి కనిపెట్టిన సంగతి. మనం దాన్ని ఒక పీరియడ్లో చెప్పేసి, అర్థం కాలేదన్నవాణ్ణి వెనక బెంచీకి పంపేస్తాం. పదో తరగతి తప్పిన తల్లి మళ్ళీ లెక్కల పుస్తకం పట్టి, తను నేర్చుకుని కొడుక్కి నేర్పడం ఈ సినిమా ప్రాణం. నివేదా థామస్ ఆ తల్లిగా ఎక్కడా అతి చెయ్యలేదు. వంటింటి పని చేసుకుంటూనే ఆలోచిస్తున్న మనిషిగా కనిపించింది. దర్శకుడు నందకిశోర్ ఈమాని పిల్లల చేత పెద్దల మాటలు చెప్పించలేదు, దానికి ఆయనకి దణ్ణం పెట్టాలి. నా అభ్యంతరం ఒక్కటే. అంత పెద్ద ప్రశ్నతో మొదలైన కథ చివరికి ముప్ఫై ఐదు మార్కులు వస్తాయా రావా అన్న ఉత్కంఠలో పడింది. పరీక్ష గట్టెక్కడం వాడికి అవసరమే, కాదనను. కానీ ఆ ప్రశ్న అడిగినందుకే వాడు గెలిచినట్టు లెక్క. ఆ మాట సినిమా ఇంకా గట్టిగా అనాల్సింది.

ఇక 'బలగం'. నువ్వు థియేటర్లో ఏడ్చానన్నావు, నేనూ ఏడ్చాను. 2023లో వేణు యెల్దండి తీసిన ఈ సినిమాని తెలంగాణ పల్లెల్లో తెర కట్టి ఊరంతా కలిసి చూశారు. ఒక పెద్దాయన పోతాడు, పిండం పెడితే కాకి ముట్టదు, ఇంట్లోవాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి దాచుకున్న కోపాలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఆ కోపాలకి మూలం చూశావా? విందులో నల్లి బొక్క దగ్గర మొదలైన మాటామాటా. బావా బావమరుదులు దానికి తెగతెంపులు చేసుకుంటారు. పట్నంవాళ్ళకి ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. పల్లెలో పెళ్ళిళ్ళూ చావులూ చూసినవాళ్ళకి తెలుసు, మర్యాద అనేది వడ్డించే చోటే నిలబడుతుంది, అక్కడే పడిపోతుంది. ఆ ఒక్క సంగతి పట్టుకున్నందుకే వేణు గారు మంచి కథకుడని నేనంటాను. చివర బుడగజంగాల కొమురమ్మ, మొగిలయ్య దంపతులు పాడిన పాట దగ్గర నటన అన్నది ఎక్కడా కనిపించదు. 'ఊరూ పల్లెటూరూ' పాటకి కాసర్ల శ్యామ్ గారికి జాతీయ అవార్డు వచ్చిందని విన్నప్పుడు మన ఇంట్లోవాళ్ళకి వచ్చినంత సంబరపడ్డాను.

అయినా నాకొక వెలితి ఉంది. మొగుడికీ అన్నకీ పట్టింపు వచ్చిందని ఆ ఇంటి ఆడపడుచు పుట్టింటి గడప తొక్కలేకపోయింది. ఆ ఏళ్ళన్నీ ఆమె ఎలా గడిపింది? తండ్రి ఎలా ఉన్నాడో ఎవర్ని అడిగి తెలుసుకుంది? మగవాళ్ళ పౌరుషాలకి దొరికిన జాగా ఆమె మౌనానికి దొరకలేదు. కాకి ముట్టడంతో కుటుంబం కలిసింది. ఆమె పోగొట్టుకున్న ఆ కాలానికి మాత్రం ఎవరూ క్షమాపణ చెప్పలేదు. ఏడిపించిన సినిమాని కూడా ఇలా అడగొచ్చు అమ్ములూ. కన్నీళ్ళు నిజమే, ప్రశ్నా నిజమే. ఒకదానికోసం రెండోదాన్ని వదులుకోనక్కర్లేదు.

నువ్వు నోరు విప్పలేకపోయిన చోటు కూడా ఇలాంటిదేనని నా ఊహ. నా అనుభవమే చెప్తాను. 'ఆర్ఆర్ఆర్' గురించి నా మాట నచ్చక మన చుట్టాల్లోనే కొందరు ముఖం ముడుచుకున్నారు. 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చిన రోజు నేనూ పొంగిపోయాను. చంద్రబోస్ గారి పదాల్లో మన పల్లె ఉంది, కీరవాణి గారి బాణీలో ఆ దుమ్ము లేచింది, ప్రేమ్ రక్షిత్ గారి అడుగుల్లో ఊపు ఉంది. కీవ్ నగరంలో ఒక రాజభవనం ముందు తీసిన ఆ పాట ప్రపంచమంతా తిరిగింది. దాని గొప్పతనం నేను ఒక్క రవ్వ కూడా తగ్గించను.

నా బాధ కొమురం భీం గురించి. అల్లూరి సీతారామరాజు 1924లో మన్యంలో ప్రాణాలిచ్చాడు, భీం 1940లో ఆసిఫాబాదు అడవుల్లో జోడేఘాట్ దగ్గర ప్రాణాలిచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు కలవలేదు. కలిసినట్టు ఊహించి తీశామని సినిమావాళ్ళు ముందే చెప్పారు, ఆ ఊహకి వాళ్ళకి హక్కు ఉంది. కానీ చివర్లో రాముడు ఏం కావాలని అడిగితే భీం తనవాళ్ళకి చదువు కావాలంటాడు, అప్పుడు రాముడు జెండా మీద 'జల్, జంగల్, జమీన్' అని రాసిస్తాడు. అక్కడ నా మనసు విరిగింది. ఆ మాట ఈనాటికీ భీం పేరుతోనే ముడిపడి ఉంది. ఆయన అస్సాం తేయాకు తోటల దాకా వెళ్ళి లోకం చూసి, చదవడం రాయడం నేర్చుకుని వచ్చాడని ఆయన జీవితం చెప్పేవాళ్ళు చెబుతారు. పన్నెండు గూడేల భూమి హక్కు కోసం నిజాం ప్రభుత్వంతో పోరాడిన మనిషి. ఆయన మాటని ఇంకొకరి చేతుల మీదుగా ఆయనకే ఇప్పించడం నాకు న్యాయంగా తోచలేదు. సినిమా చూసి వదిలెయ్యకు, అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' నవల చదువు. గోండు గూడెంలో పోడు ఎలా కొడతారో, ఫారెస్టు వాళ్ళు ఊరి మీద పడితే ఏమవుతుందో అందులో ఉంది. అది చదివాక నా మాట సబబో కాదో నువ్వే తేల్చుకో.

పుస్తకాల్లో ముందుగా బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి' పట్టుకో. 2019 సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన నవల. విజయనగర రాజ్యం పోయాక, హండే పాలకుల కాలంలో అనంతపురం ప్రాంతం ఎలా ఉండేదో చెప్తుంది. రాయలసీమ అనగానే సినిమాలు మనకి నేర్పింది కత్తులూ, సుమోలూ, బాంబులే. ఈ నవల చదివితే ఆ నేల వెనకున్న కరువు, గొర్రెల కాపరుల బతుకు, కింది కులాల మీద పడిన కట్టుబాట్ల బరువు కనిపిస్తాయి. చరిత్రని కోటలోంచి కాకుండా కోట గుమ్మం బయట నిలబడి చెప్పాడు రచయిత. మొదటి పేజీల్లో పేర్లూ పదవులూ కాస్త గజిబిజి చేస్తాయి. ఓపిక పట్టు, నవల తన మనుషుల్ని పరిచయం చేసుకుని నిన్ను లోపలికి తీసుకెళ్తుంది.

మధురాంతకం నరేంద్ర గారి 'మనోధర్మపరాగం' రెండోది. 2022లో అకాడమీ అవార్డు అందుకుంది. దేవదాసీ కుటుంబాల స్త్రీలు, వాళ్ళ సంగీతం దీనికి వస్తువు. ముత్తులక్ష్మీ రెడ్డి గారి వంటివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడాక 1947లో మద్రాసు రాష్ట్రంలో గుడులకి ఆడపిల్లల్ని అంకితమివ్వడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆ చట్టం రావాల్సిందే. కానీ తరతరాలుగా విద్యని మోసిన ఆ స్త్రీలకి, విద్యని ఇంకొకరు గౌరవంగా అందుకున్నాక ఏం మిగిలింది? ఆ ప్రశ్న ఈ నవలలో నన్ను పట్టి కుదిపింది. సంగీతం వివరాలు కొన్నిచోట్ల బరువెక్కాయి, నిజమే. సాధన అంటే ఏమిటో, గొంతు నిలబెట్టుకోవడానికి ఎంత పోగొట్టుకోవాలో తెలిసిన చెయ్యి రాసింది కాబట్టి ఆ బరువు నేను మోశాను.

ఇక మీ వయసువాళ్ళ పుస్తకం ఒకటి. రమేశ్ కార్తీక్ నాయక్ రాసిన 'ఢావ్లో', గోర్ బంజారా కథలు. 1997లో పుట్టిన కుర్రాడు, నిజామాబాద్ జిల్లా తండా వాడు. 2024లో ఈ కథలకి సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. మనం లంబాడీల్ని అద్దాల లంగా, పండగ డాన్సు దగ్గరే ఆపేశాం. ఈ కుర్రాడు తండా ఇంట్లోకి తీసుకెళ్ళి పొయ్యి దగ్గర కూర్చోబెడతాడు. కొన్ని కథలు ముగిసినట్టనిపించక మధ్యలో ఆగినట్టుంటాయి. నాకది ఇబ్బందిగా తోచలేదు, తనవాళ్ళ గురించి తొలిసారి మాట్లాడే గొంతుకి ఆ తొందర సహజం. అతని తర్వాతి పుస్తకాల కోసం నేను ఎదురు చూస్తున్నాను.

చివరిగా పొరుగింటి దీపం గురించి. కన్నడ రచయిత్రి బాను ముష్తాక్ గారి 'హార్ట్ ల్యాంప్' 2025లో అంతర్జాతీయ బుకర్ బహుమతి అందుకుంది. కన్నడానికి అదే మొదటిసారి, కథల సంపుటికి ఆ బహుమతి రావడమూ మొదటిసారే. బహుమతి సొమ్ము మూల రచయిత్రికీ, ఇంగ్లీషులోకి తెచ్చిన దీపా భాస్తికీ సమానంగా పంచుతారు. ఆ పద్ధతి నాకెంతో నచ్చింది. హాసన్‌లో లాయరుగా పనిచేసిన మనిషి ఆమె. మసీదు కమిటీల ముందు, కోర్టు వరండాల్లో ఆడవాళ్ళు పడే అవస్థ ఆమెకి చదువుకుని తెలిసింది కాదు. అందుకే ఆ కథల్లో మొగుడు ఇంకో పెళ్ళి చేసుకున్నా, పుట్టింటివాళ్ళు తలుపు తియ్యకపోయినా రచయిత్రి గొంతు పెంచదు. ఆ పాత్ర తన మాట తనే చెప్పుకుంటుంది. పన్నెండు కథలే, ముప్ఫై ఏళ్ళకి పైగా విస్తరించిన రచన.

అది చదివాక నాకు ఒకటి తోచింది. ఇలాంటి కథలు మన దగ్గర లేవా? స్కైబాబ సంపాదకత్వంలో 2004లోనే 'వతన్' పేరుతో తెలుగు ముస్లిం కథల పుస్తకం వచ్చింది. ఖదీర్ బాబు 'దర్గామిట్ట కతలు' నెల్లూరు యాసలో పేద ముస్లిం ఇంటి పిల్లాడి బాల్యాన్ని నవ్విస్తూ చెప్పి, పుస్తకం మూశాక గుండె బరువెక్కిస్తాయి. మనకి కథలు తక్కువ కాలేదు, వాటిని వేరే భాషల్లోకి మోసుకెళ్ళేవాళ్ళు తక్కువయ్యారు. అంతకన్నా ముందు, కొని చదివేవాళ్ళు తక్కువయ్యారు. నీకు ఇంగ్లీషు బాగా వచ్చు, తెలుగు చక్కగా చదువుతావు. రెండు ఒడ్లూ తెలిసిన పిల్లవి. ఒక కథైనా నీ చేత్తో ఇంగ్లీషులోకి తేవాలని నా కోరిక.

ఇప్పుడు నీ సంగతికి వస్తాను. సినిమా చూసే ముందు రేటింగు చూడకు. చూశాక, ఇంకెవరి మాటా చెవిన పడకముందే, ఆ రాత్రే నాలుగు ముక్కలు రాసుకో. ఎవరు గుర్తుండిపోయారు, ఏ సన్నివేశం దగ్గర నమ్మకం కలిగింది, ఎక్కడ తెగిపోయింది. నచ్చకపోవడం వేరు, బాగాలేకపోవడం వేరు. రెండూ కలిపెయ్యకు. నీకు నచ్చని పుస్తకం గొప్పదే కావచ్చు, నీకు ఇష్టమైన సినిమాలో పెద్ద లోపమే ఉండొచ్చు. ఆ తేడా చెప్పగలిగిన రోజు నీ మాట వినడానికి నలుగురు ఆగుతారు. ఆగకపోయినా పర్వాలేదు, నీ మాట నీ దగ్గర భద్రంగా ఉంటుంది. ఆఫీసులో ఎవరితోనూ గొడవ పడక్కర్లేదు. "నాకు ఇక్కడ నమ్మకం కుదరలేదు, ఎందుకంటే ఇది" అని మెల్లగా చెప్తే చాలు. "ఎందుకంటే" తర్వాత నీ దగ్గర నిజమైన కారణం ఉంటే, ఒంటరిగా ఉన్నందుకు సిగ్గుపడాల్సిన పని లేదు.

ఆదివారం వీలు చూసుకుని కాచిగూడ నవోదయ పుస్తకాల షాపుకి వెళ్ళు. సాయంత్రం మాల్లో సినిమాకీ, పాప్‌కార్నుకీ పెట్టే డబ్బుతో రెండు మంచి పుస్తకాలు వస్తాయి. డిసెంబరులో మీ ఊళ్ళో బుక్ ఫెయిర్ జరిగేటప్పుడు ఒక పూట తిరుగు. అట్ట చూసి కొనకు, మధ్యలో ఒక పేజీ తెరిచి నిలబడి చదువు. ఆ పేజీలో మనిషి ఏ పని చేస్తున్నాడో కనిపించిందా, కొను. సంక్రాంతికి వచ్చినప్పుడు నిన్ను వేటపాలెం సారస్వత నికేతనానికి తీసుకెళ్తాను. 1918లో మొదలైన గ్రంథాలయం, దాని భవనానికి 1929లో గాంధీ గారు శంకుస్థాపన చేశారు. ఊరివాళ్ళు పూనుకుని పుస్తకాన్ని ఇంతకాలం ఎలా కాపాడుకున్నారో నీ కళ్ళతో చూడాలి.

ఈలోగా 'ఢావ్లో' చదివి, 'మల్లేశం' చూసి నాకు జవాబు రాయి. ఫోన్లో కాదు, కాగితం మీద. నాతో ఏకీభవించిన చోట్లు వదిలెయ్యి. నేనన్నది నీకు సరిగ్గా లేదనిపించిన చోటే మొదలుపెట్టు, కారణం చెప్పి నిలబడు. నీ పెద్దమ్మతో గట్టిగా వాదించగలిగితే, ఆఫీసులో ఎవరి ముందైనా మాట్లాడగలవు.

దీవెనలతో,
మీ పెద్దమ్మ